బౌరింగ్‌పేట జంక్షన్ ఎక్కడుంది?

పాఠం ఉద్దేశం: ఊళ్ళ పేర్లు మారుతూ ఉంటాయి. కొత్త దారులు వస్తాయి, పాత దారులు మూతపడతాయి. పాత కాగితంలో కనిపించిన ఒక స్థలం ఇప్పుడు ఎక్కడుందో నిర్ణయించాలంటే ఏ ఏ ఆధారాలు వెతకాలి? వాటిని ఎలా సరిపోల్చాలి? మన చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాల రైలు దారుల సహాయంతో ఈ విషయాన్ని తెలుసుకొందాం.

మీ ఇంట్లో తాతగారి పెట్టె సర్దుతూ ఉంటే ఒక పాత టెలిగ్రాం దొరికిందనుకోండి. కాగితం మడతల దగ్గర చినిగిపోయింది. తేదీ ఉన్నచోట సిరా చెరిగిపోయింది. మిగిలిన నాలుగైదు ఇంగ్లీషు మాటల సారాంశం ఇది: "బౌరింగ్‌పేట జంక్షన్‌లో దిగి, చిన్న రైలెక్కి చింతామణికి రండి."

చింతామణి మనకు తెలిసిన ఊరే. మరి ఈ బౌరింగ్‌పేట ఎక్కడుంది? ఇప్పటి రైళ్ళ పట్టికలో ఆ పేరు కనబడదు. బస్సు బోర్డుల మీదా కనబడదు. జంక్షన్ అంటే రెండు మూడు రైలు మార్గాలు కలిసే చోటు. అంత పెద్ద స్టేషన్ ఏమైనట్లు?

ఇటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు తోచిన జవాబు చెప్పి ఊరుకోకూడదు. ఆధారాలు వెతకాలి. ఒక ఆధారం చెప్పిన మాటను మరొక ఆధారంతో సరిచూడాలి. రెండు మూడు వేర్వేరు ఆధారాలు ఒకే చోటును చూపిస్తే అప్పుడు నమ్మవచ్చు.

మొదటి ఆధారం: పేరు

బౌరింగ్ అనేది ఒక ఇంగ్లీషువాని పేరు. లెవిన్ బౌరింగ్ అనే అధికారి 1862 నుండి 1870 వరకు మైసూరు రాజ్యానికి కమిషనరుగా ఉన్నాడు. అప్పట్లో మైసూరు పరిపాలన బ్రిటిషు కమిషనర్ల చేతిలో ఉండేది. బెంగళూరులో బౌరింగ్ ఆసుపత్రి అని ఈనాటికీ పిలిచే పెద్ద ఆసుపత్రి ఆయన పేరు మీద ఉన్నదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బౌరింగ్ ఆసుపత్రి బెంగళూరులో ఉంది కాబట్టి బౌరింగ్‌పేట కూడా బెంగళూరులోని ఒక పేటే అయి ఉంటుందని ఎవరైనా అనవచ్చు. వినడానికి ఆ మాట సబబుగానే ఉంటుంది. కాని ఒకే మనిషి పేరు పలుచోట్ల పెట్టడం వాడుకలో ఉన్నదే. కనుక పేరొక్కటే చూసి స్థలాన్ని నిర్ణయించడానికి వీలులేదు. పేరు మనకు కాలాన్ని మాత్రం చెబుతుంది. 1862 తరువాతనే ఈ పేరు పుట్టి ఉండాలి.

పేరులో దారి చూపే శక్తి ఎంత ఉంటుందో మన జిల్లావారికి మరొక ఉదాహరణ కూడా తెలుసు. చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం. మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు ప్రాంతపు ఊరు. ఆయన పూర్వులు అక్కడినుండి వచ్చినవారు. ఊరు విడిచి ఎన్ని తరాలు గడిచినా ఇంటిపేరు ఆ జాడను కాపాడింది.

రెండవ ఆధారం: రైలు మార్గాలు

టెలిగ్రాంలో రెండు మంచి ఆనవాళ్ళు ఉన్నాయి. ఒకటి, బౌరింగ్‌పేట జంక్షన్. రెండు, అక్కడినుండి చింతామణికి చిన్న రైలు ఉండేది. కాబట్టి చింతామణికి ఏ చిన్న రైలు నడిచిందో తెలుసుకోవాలి.

పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. మన దేశంలో బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. మీటర్‌గేజికి ఒక మీటరు. నారోగేజి పట్టాల మధ్య కొన్ని చోట్ల 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు మాత్రమే ఉండేది. ఇరుకు పట్టాల మీద నడిచే ఈ చిన్న బండినే జనం చిన్న రైలు అన్నారు.

కోలారు సీమలో రైలు మార్గాలు ఒకేసారి రాలేదు. మద్రాసు వైపు నుండి జోలార్‌పేట మీదుగా బెంగళూరు దండు వరకు 1864లో రైలు వచ్చింది. అది బ్రాడ్‌గేజి మార్గం. కోలారు బంగారు గనులు పెరిగిన తరువాత, 1894లో ఆ మార్గం నుండి మారికుప్పం వరకు దాదాపు 16 కిలోమీటర్ల శాఖ వేశారు. గనులకు కావలసిన యంత్రాలు, బొగ్గు, మనుషులు ఆ దారినే వెళ్ళేవారు. 1913లో అదే పెద్ద మార్గం నుండి ఉత్తరంగా కోలారు పట్టణానికి నారోగేజి రైలు వచ్చింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే అది శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం చేరింది.

ఆ పదేళ్ళలోనే రెండవ వైపు నుండి మరొక నారోగేజి మార్గం వచ్చింది. అది బెంగళూరు యశవంతపురం నుండి బయలుదేరి యలహంక, దేవనహళ్ళి, నంది మీదుగా చిక్కబళ్ళాపురం చేరింది. దానిని బెంగళూరు–చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే అనేవారు. ఇలా రెండు చిన్న రైలు మార్గాలు చిక్కబళ్ళాపురంలో కలిశాయి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నది ముద్దేనహళ్ళి బిడ్డ అయిన విశ్వేశ్వరయ్యగారే. బాగేపల్లి వైపు మాత్రం ఈ చిన్న రైలు రాలేదు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఈ గీతలు గీయండి. తూర్పు పడమరలుగా 1864 నాటి పెద్ద మార్గం. దానినుండి మారికుప్పం వైపు 1894 నాటి శాఖ. దానినుండే ఉత్తరంగా కోలారు వైపు 1913 నాటి చిన్న మార్గం. ఈ మూడూ కలిసే చోటు ఒక్కటే. అది బెంగళూరుకు తూర్పున, కోలారుకు దక్షిణాన ఉంది. ఇప్పటి పటంలో ఆ చోట ఉన్న స్టేషన్ పేరు బంగారపేట.

దీనితో బెంగళూరు పేట అన్న ఊహ వీగిపోయింది. బెంగళూరులో దిగితే మారికుప్పం శాఖా లేదు, కోలారు చిన్న రైలూ లేదు.

మూడవ ఆధారం: పుస్తకాలు

పటం మీద గీతలు కలిసినంత మాత్రాన పాత పేరు రుజువు కాలేదు. అందుకు పుస్తకాలు చూడాలి. ఒక ప్రాంతపు చరిత్ర, పంటలు, ఊళ్ళు, దారులు మొదలైన వివరాలతో ప్రభుత్వం ప్రచురించే గ్రంథాన్ని గెజెటీరు అంటారు. బి.ఎల్. రైస్ సిద్ధం చేసిన మైసూరు గెజెటీరు సవరించిన ముద్రణ 1897లో వచ్చింది. సి. హయవదనరావు సంపాదకత్వంలో మరొక మైసూరు గెజెటీరు 1927, 1930 మధ్య వచ్చింది. కోలారు జిల్లా వివరాలలో బౌరింగ్‌పేట ఒక తాలూకాకు ముఖ్యపట్టణం. ఆ పాత బౌరింగ్‌పేటనే ఇప్పుడు బంగారపేట అంటున్నారు. బంగారు గనులకు దారి తీసే ఊరికి బంగారపేట అన్న పేరు అతికినట్లు సరిపోయింది. కొత్తపేరు ఎంత సహజంగా ఉందంటే, దాని వెనుక మరొక పేరు ఉండేదని ఎవరికీ తోచదు.

పుస్తకం చూసేటప్పుడు అది అచ్చయిన సంవత్సరం కూడా చూడాలి. 1897 నాటి పుస్తకంలో గనుల శాఖ ఉండవచ్చు. చిన్న రైలు ఉండదు. ఎందుకంటే అప్పటికి అది పుట్టలేదు. లేని విషయాన్ని వెతికి, దొరకలేదని ఆ ఊరే లేదనుకోకూడదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో ఏర్పడింది. అంతకుముందు చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి, శిడ్లఘట్ట అన్నీ కోలారు జిల్లాలోనివే. కాబట్టి మన ఊళ్ళ పాత కాగితాలు కోలారు జిల్లా పేరు కింద వెతకాలి. మన రాష్ట్రానికి కర్ణాటక అన్న పేరు వచ్చింది 1973లో. అంతకుముందు మైసూరు అని వెతకాలి. రైల్వే విషయమూ అంతే. మైసూరు రాష్ట్ర రైల్వే 1951లో దక్షిణ రైల్వేలో కలిసింది. 2003 నుండి మన ప్రాంతం నైరుతి రైల్వే కిందికి వచ్చింది. ఏ కాలపు కాగితం ఏ పేరుతో భద్రపరిచారో తెలియకపోతే, కళ్ళెదుటే ఉన్న కట్ట కూడా మనకు కనబడదు.

నాలుగవ ఆధారం: తంతి మిగిల్చిన మూడక్షరాలు

రైలుకూ తంతికీ విడదీయరాని సంబంధం ఉండేది. మన దేశంలో తంతి ప్రయోగం 1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య జరిగింది. రైలు మార్గాలు పెరిగిన కొద్దీ పట్టాల వెంట తంతి స్తంభాలు కూడా సాగాయి. ఒకే పట్టాల మీద రెండు వైపుల నుండి బండ్లు నడవాలంటే, ముందున్న స్టేషనువారు దారి ఖాళీగా ఉందని చెప్పాలి. ఆ మాట అడగడానికి, చెప్పడానికి తంతి కావాలి. చుక్కలు, గీతలు కలిపి చేసిన మోర్సు లిపిలో ఆ వార్తలు నడిచేవి.

చాలా రైల్వే స్టేషన్లలో ప్రజల టెలిగ్రాంలు కూడా తీసుకొనేవారు. ఇదికాక ఊళ్ళో తపాలా ఆఫీసుతో కలిసిన తంతి ఆఫీసు వేరుగా ఉండేది. కాబట్టి తంతి ఆఫీసు అన్నప్పుడు అది స్టేషన్‌లోనిదా, ఊళ్ళోని తపాలా ఆఫీసుదా అని విడిగా విచారించాలి. రెండింటినీ ఒకటిగా భావిస్తే స్థలం తప్పుతుంది.

టెలిగ్రాంలో మాటకింత అని రుసుము ఉండేది. అందువల్ల జనం మాటలు పొదుపుగా వాడేవారు. రైల్వేవారు కూడా స్టేషన్ల పొడవాటి పేర్లను తంతిలో మళ్ళీ మళ్ళీ కొట్టకుండా రెండు మూడక్షరాల పొట్టి గుర్తులను పెట్టుకొన్నారు. తంతి పోయినా ఆ గుర్తులు పోలేదు. ఇప్పటికీ టిక్కెట్ల మీద, స్టేషన్ పట్టికలలో అవి ఉన్నాయి.

ఇప్పుడు బంగారపేట గుర్తు చూడండి. అది బి, డబ్ల్యూ, టి అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. బంగారపేట అన్న మాటలో డబ్ల్యూకు చోటెక్కడ? ఇంగ్లీషులో బౌరింగ్‌పేట అని రాసి చూడండి. ఆ డబ్ల్యూ అందులో ఉంది! మోర్సు లిపిలో ఈ మూడక్షరాలు ఇలా ఉంటాయి:

బి: – • • •
డబ్ల్యూ: • – –
టి: –

బోర్డు మీద పేరు మారింది. పొట్టి గుర్తు మారలేదు. ఇది ఒక్క బంగారపేట సంగతి కాదు. విజయవాడ స్టేషన్ గుర్తు బి, జెడ్, ఎ. విజయవాడ అన్న పేరులో ఇంగ్లీషు జెడ్ లేదు. పాత పేరైన బెజవాడను ఇంగ్లీషువారు రాసిన తీరులో ఉంది. చెన్నై సెంట్రల్ గుర్తు ఎం, ఎ, ఎస్. అది మద్రాసు మాట నుండి వచ్చింది.

పేరు, రైలు మార్గాలు, పుస్తకాలు, తంతి గుర్తు – ఈ నాలుగూ ఒకదానిపై ఒకటి ఆధారపడినవి కావు. అయినా నాలుగూ ఒకే చోటును చూపించాయి. కనుక బౌరింగ్‌పేట జంక్షన్ అంటే ఇప్పటి బంగారపేట జంక్షనే అని ధైర్యంగా చెప్పవచ్చు.

టెలిగ్రాం వయస్సు

మరొక లాభం కూడా కలిగింది. తేదీ చెరిగిన టెలిగ్రాం ఏ కాలందో ఇప్పుడు అంచనా వేయవచ్చు. కోలారుకే చిన్న రైలు 1913లో వచ్చింది కాబట్టి, చింతామణికి చిన్న రైలెక్కమన్న ఆ టెలిగ్రాం అంతకంటె పాతది కాదు. బంగారపేట, కోలారు మధ్య 1990లలో నారోగేజి తీసి బ్రాడ్‌గేజి వేశారు. కనుక ఆ తరువాతిది కూడా కాదు. ఒక్క చిన్న మాట కాలానికి రెండు గట్లు కట్టింది.

నేల మీద వెతకడం

కాగితాల పని అయిన తరువాత నేల మీదికి రావాలి. సర్వే ఆఫ్ ఇండియా పటాలలో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి ఉన్న భాగానికి 57 జి అని, కోలారు, చింతామణి ఉన్న భాగానికి 57 కె అని గుర్తులు. పాత పటాలలో ఒక మైలు నేలను ఒక అంగుళంగా చూపేవారు. తరువాతి పటాలలో ఒక కిలోమీటరు నేలను రెండు సెంటీమీటర్లుగా చూపుతున్నారు. రైల్వే స్టేషనుకు, తపాలా తంతి ఆఫీసుకు, గట్టుకు, తవ్వుకు వేర్వేరు గుర్తులు ఉంటాయి. పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పోయిందో, ఏది మిగిలిందో తెలుస్తుంది.

పట్టాలు పీకేసిన చోట కూడా రైలు దారి తన ఆనవాలు వదులుతుంది. ఎద్దులబండి దారి గుట్ట ఎక్కి దిగుతుంది. రైలు అలా ఎక్కలేదు. అందుకని పల్లం వచ్చిన చోట మట్టికట్ట పోస్తారు. మిట్ట వచ్చిన చోట తవ్వుతారు. వాగుల మీద చెక్కిన రాళ్ళతో మోరీలు కడతారు. మలుపులు కూడా నెమ్మదిగా తిరుగుతాయి. పొలాల మధ్య ఎత్తుగా, సన్నగా, చక్కగా సాగే కట్ట కనిపిస్తే అది చెరువుకట్టా, కాలువగట్టా, రైలుకట్టా అని అడిగి తెలుసుకోవాలి. రైలు రాని వీధికి స్టేషన్ రోడ్డు అన్న పేరు ఉంటే అదీ ఒక సాక్ష్యమే.

చిన్న రైలు పట్టాలు పోయినా కొన్ని స్టేషన్ భవనాలు నిలిచి ఉన్నాయి. నంది హాల్ట్, దేవనహళ్ళి, దొడ్డజాల వంటి చోట్ల పెంకుల కప్పుతో ఉన్న పాత భవనాలను బాగుచేయడానికి ఇటీవలి సంవత్సరాలలో ఇన్‌టాక్ బెంగళూరు శాఖ, రైల్వేవారు పూనుకొన్నారు.

అన్నిటికంటె త్వరగా కరిగిపోయే ఆధారం పెద్దల జ్ఞాపకం. చిన్న రైలెక్కిన అవ్వలు, తాతలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారిని అడిగేటప్పుడు జవాబును మనమే అందించకూడదు. "అవ్వా, స్టేషన్ ఆ చింతచెట్టు దగ్గరే కదా?" అని అడిగితే ఆమె మన మాట కాదనలేక ఔననవచ్చు. "అవ్వా, రైలెక్కడానికి ఇంటి నుండి ఎటు నడిచేవారు? దారిలో ఏమేమి తగిలేవి?" అని అడగాలి. ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా చెబితే రెండూ రాసుకోవాలి. ఒకరి మాట కొట్టివేయడానికి తొందరపడకూడదు. ఇద్దరూ రెండు వేర్వేరు కాలాల సంగతి చెబుతూ ఉండవచ్చు.

2013వ సంవత్సరం

2013 జులై 14న మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. 160 సంవత్సరాలకు పైగా మన దేశంలో నడిచిన తంతి నిలిచిపోయింది. అదే సంవత్సరంలో కోలారు, చిక్కబళ్ళాపురం మధ్య బ్రాడ్‌గేజి రైలు మొదలయింది. చిన్న రైలు పోయిన తరువాత చాలాకాలం ఎదురుచూసిన శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట ప్రజలకు మళ్ళీ రైలు దక్కింది. కొత్త దారి వచ్చినందుకు సంతోషించవలసిందే. అయితే కొత్త కట్ట పాతకట్టను కప్పివేస్తుంది. కొత్త భవనం పాతదాని చోట లేస్తుంది. అందువల్ల పాతదాని కొలతలు, ఫోటోలు, పెద్దల మాటలు ముందే రాసిపెట్టుకోవాలి.

మన ప్రాంతంలో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం, పాత రైల్వే కాగితాలలో ఇంగ్లీషు వాడుకలో ఉన్నాయి. ఒకే ఊరు మూడు భాషలలో మూడు రూపాలతో కనబడుతుంది. మూడూ చదవగలిగిన విద్యార్థికి ఈ పనిలో ఇతరులకు లేని సౌకర్యం ఉంది. చిక్కబళ్ళాపురంలో రెండు చిన్న రైలు మార్గాలు కలిసిన చోటు, చింతామణిలో చిన్న రైలు ఆగిన చోటు, ఊళ్ళో తంతి ఆఫీసు నడిచిన ఇల్లు – వీటిని మీ నోటు పుస్తకంలోకి ఎక్కించే పని మీదే.

పదాలు – అర్థాలు

ఆనవాలు = గుర్తు, జాడ
సబబు = న్యాయం, తగినది
తంతి = టెలిగ్రాఫు; తీగ ద్వారా పంపే వార్త
రుసుము = చెల్లించవలసిన సొమ్ము
మోరీ = నీరు పోవడానికి దారి కింద కట్టిన కాలువ
కచేరీ = ప్రభుత్వ కార్యాలయం
వీగిపోవు = నిలబడకపోవు, ఓడిపోవు

అభ్యాసం

1. కింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబులు రాయండి.
అ) జంక్షన్ అంటే ఏమిటి?
ఆ) కోలారుకు నారోగేజి రైలు ఏ సంవత్సరంలో వచ్చింది?
ఇ) టెలిగ్రాంలో జనం మాటలు ఎందుకు పొదుపుగా వాడేవారు?

2. కింది ప్రశ్నలకు ఐదారు వాక్యాలలో జవాబులు రాయండి.
అ) బౌరింగ్‌పేట బెంగళూరులో ఉన్నదన్న ఊహ ఎందుకు నిలబడలేదు?
ఆ) బంగారపేట స్టేషన్ గుర్తు మనకు ఏ విషయం తెలుపుతుంది?
ఇ) తేదీ లేని టెలిగ్రాం కాలాన్ని ఎలా అంచనా వేశారు?
ఈ) పెద్దలను ప్రశ్నించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

3. విడదీసి, సంధి పేరు రాయండి.
ఎక్కడుంది, మూడక్షరాలు, రైలెక్కి, పేరొక్కటే
(మాదిరి: చోటెక్కడ = చోటు + ఎక్కడ – ఉకార సంధి)

4. కింది మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
అతికినట్లు, పక్కపక్కన, మళ్ళీ మళ్ళీ, విడదీయరాని

5. చేసి చూడండి.
మీ ఊళ్ళో గాని, దగ్గరి ఊళ్ళో గాని పేరు మారిన ఒక వీధిని, చెరువును లేదా స్టేషన్‌ను ఎంచుకోండి. పాత పేరు, కొత్త పేరు, వాటికి దొరికిన ఆధారాలు పట్టికగా రాయండి. కనీసం ఇద్దరు పెద్దల మాటలు, ఒక పటం లేదా పుస్తకం ఆధారంగా చూపండి. ఆధారాలు కలవని చోట ఆ సంగతి కూడా రాసి తరగతిలో చర్చించండి.